వద్దన్నా వదలని బిరుదు

1942 జనవరి. రెండో ప్రపంచ యుద్ధం ఉద్ధృతంగా సాగుతోంది. బ్రిటన్‌లో చర్చిల్ నాయకత్వాన అన్ని పార్టీల సంకీర్ణ ప్రభుత్వం. అందులో లేబర్ పార్టీకి మంచి భాగమే ఉంది కానీ, పైసభ అయిన ప్రభువుల సభలో ఆ పార్టీ తరఫున లేచి మాట్లాడేవాళ్ళు బొత్తిగా తక్కువ. కొందరు సీనియర్ నాయకుల్ని అక్కడికి పంపాలనుకున్నారు. ఆ రోజుల్లో ఒక రాజకీయ నాయకుడు పైసభలో కూర్చోవాలంటే ప్రభువు కావాలి. ప్రభువు అయ్యాడంటే ఆ బిరుదు ఆయనతో పోదు. పెద్దకొడుక్కి, అతని తర్వాత అతని పెద్దకొడుక్కి, అలా తరతరాలకూ వెళుతుంది. విలియం వెడ్జ్‌వుడ్ బెన్ అనే నాయకుడు ఆ విధంగా వైకౌంట్ స్టాన్స్‌గేట్ అయ్యాడు.

ఈ విలియం బెన్‌తో మన దేశానికి సంబంధం ఉంది. 1929 నుంచి 1931 దాకా లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. మన కోస్తా తీరంలో జనం సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు వండి, లాఠీ దెబ్బలు తిని, జైళ్ళు నింపిన ఉప్పు సత్యాగ్రహ కాలం అది. ఢిల్లీలో వైస్రాయ్ లార్డ్ ఇర్విన్, లండన్‌లో ఆయన పైమంత్రి బెన్. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ లండన్ వెళ్ళినప్పుడు బెన్ గారి ఆరేళ్ళ రెండో కొడుకు ఆయనను కలిశాడు. ఆ సంగతి జీవితాంతం గర్వంగా చెప్పుకున్నాడు. ఈ కథ ఆ రెండో కొడుకుది. పేరు ఆంథొనీ నీల్ వెడ్జ్‌వుడ్ బెన్. లోకానికి టోనీ బెన్.

బిరుదు పుచ్చుకునే ముందు తండ్రి పెద్దకొడుకు మైకేల్‌ను అడిగాడు. మైకేల్‌కు చర్చిలో ప్రవేశించి మతగురువు కావాలని కోరిక. రాజకీయాల మీద ఆశ లేదు, ప్రభువు అనిపించుకోవడానికి అభ్యంతరమూ లేదు. సరే అన్నాడు. రాజకీయాల పిచ్చి ఉన్నది రెండోవాడికి. రెండోవాడికి బిరుదు రాదు కనుక చిక్కేమీ లేదనుకున్నారు.

1944 జూన్‌లో మైకేల్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్ అతను. టోనీ కూడా అదే దళంలో చేరి ఆఫ్రికాలో విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. అన్న పోయిన దుఃఖంతో పాటు అన్నకు రావలసిన బిరుదూ పంతొమ్మిదేళ్ళ కుర్రవాడి నెత్తిన పడింది. తండ్రి ఉన్నంతకాలం ఫరవాలేదు. తండ్రి కన్నుమూసిన క్షణాన టోనీ వైకౌంట్ అయిపోతాడు. అతను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అయిపోతాడు. ప్రభువైనవాడికి ప్రజలు ఓటేసి ఎన్నుకునే కామన్స్ సభలో చోటు లేదు.

యుద్ధం ముగిశాక టోనీ ఆక్స్‌ఫర్డ్‌లో చదువు పూర్తి చేశాడు. 1950 నవంబరులో బ్రిస్టల్ ఆగ్నేయ నియోజకవర్గానికి ఉపఎన్నిక వచ్చింది. అనారోగ్యంతో ఆ స్థానం ఖాళీ చేసినవాడు సర్ స్టాఫర్డ్ క్రిప్స్. 1942లో క్రిప్స్ రాయబారమంటూ మన దేశానికి వచ్చిన పెద్దమనిషే. ఆయన స్థానంలో ఇరవై అయిదేళ్ళ టోనీ బెన్ గెలిచి కామన్స్‌లో అడుగుపెట్టాడు. బ్రిస్టల్ కార్మికులు అతన్ని తమవాడనుకున్నారు. తర్వాతి ఎన్నికల్లోనూ అతన్నే గెలిపిస్తూ వచ్చారు.

కానీ ఆ భయం వెన్నంటే ఉంది. తండ్రికి వయసు మీద పడుతోంది. 1955లో టోనీ ఒక ప్రయత్నం చేశాడు. తనకు రాబోయే బిరుదును ముందుగానే వదులుకునేందుకు వీలు కల్పించమంటూ తన ఒక్కడి కోసం ఒక బిల్లు పెట్టించాడు. కొడుకు పక్షాన వయోవృద్ధుడైన తండ్రి ప్రభువుల సభలో గట్టిగా వాదించాడు. చర్చిల్ వేరే పార్టీవాడైనా టోనీ కోరిక న్యాయమైనదేనని ఉత్తరం రాసిచ్చాడు. అయినా బిల్లు వీగిపోయింది. బిరుదు అనేది పొలం పుట్రలాంటి ఆస్తి కాదు, అమ్మడానికీ వదిలేయడానికీ కుదరదు, అది రక్తానికి అంటి ఉన్నది అని అక్కడి పాత న్యాయసూత్రం.

1960 నవంబరు 17న తండ్రి మరణించాడు. ఆ రోజుతో టోనీ బెన్ పార్లమెంటు సభ్యత్వం ఆగిపోయింది. ఎవరూ అతన్ని ఓడించలేదు, ఏ నేరమూ రుజువు కాలేదు. తండ్రికి కర్మకాండ జరిగేలోపే కొడుకు ఉద్యోగం పోయింది. సభాహక్కుల సంఘం ముందు నిలబడి తన కేసు తానే వాదించుకున్నాడు. బిరుదు వద్దంటూ పత్రం రాసి ఇచ్చాడు. చెల్లదన్నారు. తన మాట సభలోనే చెప్పుకుంటానని అడిగితే, వినడానికి కూడా సభ ఒప్పుకోలేదు. బ్రిస్టల్ స్థానం ఖాళీ అయిందని ప్రకటించి ఉపఎన్నిక పెట్టారు.

ఇక్కడే టోనీ బెన్ చేసిన పని అందరినీ నివ్వెరపరిచింది. ఖాళీ చేయించిన ఆ స్థానానికి తనే మళ్ళీ నామినేషన్ వేశాడు. అనర్హుడికి ఓటేస్తే అది వృథా అవుతుందని కన్సర్వేటివ్ పార్టీ ఊరంతా ప్రచారం చేసింది. బ్రిస్టల్ ఓటర్లకు విషయం స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా 1961 మే 4న పోలింగ్ కేంద్రాలకు కదిలారు. టోనీ బెన్‌కు 23,275 ఓట్లు. కన్సర్వేటివ్ అభ్యర్థి మాల్కం సెయింట్ క్లెయిర్‌కు 10,231. పదమూడు వేల పైచిలుకు ఆధిక్యం. పోటీచేసిన సెయింట్ క్లెయిర్ కూడా వేరొక ప్రభువు బిరుదుకు వారసత్వపు వరసలో ఉన్నవాడే. తేడా ఒక్కటే. అతని వంతు ఇంకా రాలేదు.

గెలిచిన నాలుగు రోజులకు బెన్ వెస్ట్‌మినిస్టర్ వెళ్ళాడు. కామన్స్ సభ ద్వారం దగ్గర నల్లకోటు వేసుకున్న ద్వారపాలకుడు ఎదురొచ్చి నిలబడ్డాడు. లోపలికి రావడానికి వీల్లేదన్నాడు. ఎవరి ఆజ్ఞ అని బెన్ అడిగాడు. స్పీకర్ గారిదన్నాడు. పదేళ్ళు రోజూ నడిచిన గుమ్మం అది. ఎదురుగా ఉన్నవాడు జీతానికి పనిచేసే ఉద్యోగి, ఆజ్ఞ పాటిస్తున్నాడు. అతనితో గొడవ పడి లాభం లేదు. వెనుక ఇరవై మూడు వేల మంది ఓట్లు ఉన్న మనిషి ఆ గుమ్మం ఇవతలే ఆగిపోయి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

విషయం ఎన్నికల న్యాయస్థానానికి వెళ్ళింది. ఇద్దరు న్యాయమూర్తులు. అక్కడా బెన్ తన వాదన తనే వినిపించాడు. జూలైలో తీర్పు వచ్చింది. అభ్యర్థి అనర్హుడని ఓటర్లకు తెలుసు, తెలిసి వేశారు కనుక ఆ ఓట్లు పారేసుకున్నట్టే లెక్క అన్నారు. 10,231 ఓట్లు వచ్చిన సెయింట్ క్లెయిర్‌ను బ్రిస్టల్ ప్రతినిధిగా ప్రకటించారు. కోర్టు ఖర్చులు కూడా ఓడినవాడి మీదే పడ్డాయి. ఆ ఖర్చులు తీర్చడానికి జనం చందాలు వేసుకున్నారు.

తీర్పు బెన్‌ను బయటికి నెట్టింది కానీ, దేశం మనసులో అతన్నే గెలిపించింది. ఓటర్లు కోరుకున్న మనిషి ఇంటి దగ్గర కూర్చోవడమేమిటి, వద్దన్న మనిషి సభలో కూర్చోవడమేమిటి అని పత్రికలు, ప్రజలు, చివరికి కన్సర్వేటివ్ సభ్యులు కొందరు కూడా అడగడం మొదలుపెట్టారు. ఈ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. రెండు సభల సంయుక్త సంఘం వేశారు. ఆ సంఘం సిఫారసు మీద బిల్లు తయారైంది. వంశపారంపర్యంగా బిరుదు వచ్చినవాళ్ళు కావాలంటే దాన్ని వదులుకోవచ్చు. ఇప్పటికే ప్రభువులైనవాళ్ళు పన్నెండు నెలల్లోగా తేల్చుకోవాలి. ఆ బిల్లుతోనే సొంత హక్కుగా బిరుదు వచ్చిన స్త్రీలకు కూడా పైసభలో కూర్చునే అర్హత దొరికింది.

అయితే ప్రభుత్వం అందులో ఒక మెలిక పెట్టింది. చట్టం వెంటనే కాకుండా తర్వాతి సాధారణ ఎన్నికల నుంచి అమలులోకి రావాలన్నది. ప్రభువుల సభ దాన్ని ఒప్పుకోలేదు. వెంటనే అమలు కావాలని సవరణ చేసి పంపింది. ప్రభుత్వం తలూపింది. ఒక యువకుడికి జరిగిన అన్యాయం సరిదిద్దడానికి ఇంకో ఏడాది ఆగడమెందుకు అనుకుంటే ఆ సవరణ చాలా సబబైనది. దాని విలువ ఎంతో, అది ఎవరికి ఉపయోగపడబోతోందో అప్పటికి ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

1963 జూలై 31 సాయంత్రం ఆరు దాటాక బిల్లుకు రాణి ఆమోదముద్ర పడింది. 6 గంటల 22 నిమిషాలకు టోనీ బెన్ త్యాగపత్రం ఇచ్చేశాడు. బ్రిటన్ చరిత్రలో ఆ చట్టం కింద వంశపారంపర్య బిరుదు వదులుకున్న మొదటి మనిషి. ఇరవై నిమిషాల పనికి ఎనిమిదేళ్ళ పైబడిన పోరాటం. సెయింట్ క్లెయిర్ మర్యాదస్తుడు. చట్టం మారితే తప్పుకుంటానని ముందే మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. ఆగస్టు 20న ఉపఎన్నిక. కన్సర్వేటివ్ పార్టీ పోటీయే పెట్టలేదు. బెన్ మళ్ళీ బ్రిస్టల్ సభ్యుడయ్యాడు. ద్వారపాలకుడు ఈసారి అడ్డు రాలేదు.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఒక సామాన్య విజయగాథ అయ్యేది.

ఆ ఏడాది అక్టోబరులో కన్సర్వేటివ్ పార్టీ వార్షిక సమావేశాలు బ్లాక్‌పూల్‌లో జరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే ప్రధాని హెరాల్డ్ మాక్‌మిలన్ ఆసుపత్రిపాలయ్యాడు. రాజీనామా చేస్తున్నానని ఉత్తరం పంపాడు. ఆ ఉత్తరాన్ని ప్రతినిధులకు చదివి వినిపించినవాడు విదేశాంగ మంత్రి లార్డ్ హ్యూమ్. తర్వాతి ప్రధాని ఎవరన్నది తేలాలి. ఆ పార్టీలో అప్పటికి నాయకుణ్ణి ఓట్లు వేసి ఎన్నుకునే పద్ధతి లేదు. పెద్దలు నలుగురూ కూడి, వాళ్ళనీ వీళ్ళనీ సంప్రదించి ఒక పేరు తేల్చేవారు. ఉపప్రధాని బట్లర్ ఉన్నాడు, ఆర్థిక మంత్రి మాడ్లింగ్ ఉన్నాడు. ఇద్దరూ కామన్స్ సభ్యులే.

ప్రభువుల సభలో ఉన్నవాళ్ళు ప్రధాని పదవి ఆశించే రోజులు అప్పటికి పోయాయి. ఈ విషయంలో మనకు తెలిసిన పేర్లే రెండు ఉన్నాయి. ఒకరు బెంగాల్‌ను చీల్చిన వైస్రాయ్ కర్జన్. 1923లో ప్రధాని పదవి అందినట్టే అందుతుంటే బాల్డ్విన్‌కు పోయింది. కర్జన్ ప్రభువుల సభలో ఉండడం దానికి ఒక కారణం. రెండో మనిషి టోనీ తండ్రి మంత్రిగా ఉన్నప్పుడు ఇక్కడ వైస్రాయ్‌గా ఉన్న ఇర్విన్. తర్వాత ఆయన లార్డ్ హాలిఫాక్స్ అయ్యాడు. 1940లో చాంబర్లేన్ దిగిపోయినప్పుడు హాలిఫాక్స్ పేరే ముందు వినబడింది. పైసభలో కూర్చుని యుద్ధకాలపు ప్రభుత్వాన్ని నడపడం కష్టమని ఆయనే వెనక్కి తగ్గాడు. పదవి చర్చిల్‌కు దక్కింది. ఆ ఇద్దరు వైస్రాయ్‌లకూ అడ్డు నిలిచిన గోడ 1963 జూలై 31న కూలిపోయింది. కూల్చినవాడు సోషలిస్టు.

బ్లాక్‌పూల్‌లో లార్డ్ హేల్‌షామ్ అనే మంత్రి లేచి, తాను బిరుదు వదులుకుని కామన్స్‌కు వస్తానని ప్రకటించాడు. ఏ చట్టం కింద? టోనీ బెన్ సాధించిన చట్టం కింద. తొందరపాటు వల్ల ఆయన వెనకబడ్డాడు. అక్టోబరు 18న రాణి ఆసుపత్రికి వెళ్ళి మాక్‌మిలన్ సలహా విన్నది. ఆ సలహాలో ఉన్న పేరు లార్డ్ హ్యూమ్. 1605 నుంచి వస్తున్న ఎర్ల్ అనే బిరుదుకు పద్నాలుగో వారసుడు. స్కాట్లండ్‌లో వేల ఎకరాల భూస్వామి. ఈయన కూడా ఒకప్పుడు కామన్స్ సభ్యుడే. 1951లో తండ్రి పోయి బిరుదు వచ్చిపడగా ఏమీ అనకుండా పైసభకు వెళ్ళిపోయాడు. అదే నియమం బెన్‌ను కాల్చినప్పుడు బెన్ తిరగబడ్డాడు. హ్యూమ్ తలవంచాడు. ఇప్పుడు తిరగబడినవాడు సంపాదించిన ఫలం తలవంచినవాడి చేతికి వచ్చింది.

అక్టోబరు 19న హ్యూమ్ ప్రధాని అయ్యాడు. 23న బిరుదు వదిలేశాడు. దాంతో పైసభ సభ్యత్వం పోయింది, కింది సభలో ఇంకా చేరలేదు. రెండు వారాలపాటు బ్రిటన్ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాడు. స్కాట్లండ్‌లో కిన్‌రాస్ అనే స్థానం సిద్ధంగా దొరికింది. నవంబరు మొదటి వారంలో ఉపఎన్నికలో గెలిచి, సర్ ఆలెక్ డగ్లస్ హ్యూమ్‌గా కామన్స్‌లో ప్రధాని కుర్చీలో కూర్చున్నాడు. ఎదురు బల్లల్లో టోనీ బెన్ కూర్చున్నాడు.

ఒకరు తవ్విన బావిలో వేరొకరు నీళ్ళు తోడుకున్నట్టయింది. చట్టం వెంటనే అమలు కావాలన్న ఆ చిన్న సవరణే లేకపోతే అక్టోబరులో హ్యూమ్‌కు దారి లేదు. మొదట ప్రభుత్వం కోరినట్టు తర్వాతి ఎన్నికల దాకా ఆగి ఉంటే బట్లరో మాడ్లింగో ప్రధాని అయ్యేవాడు. ప్రజల ఓటు పుట్టుక కన్నా పెద్దదని నిరూపించడానికి తెచ్చిన చట్టం మూడు నెలలు తిరక్కుండానే ఒక పద్నాలుగో ఎర్ల్‌ను ప్రధాని పీఠం ఎక్కించింది.

హ్యూమ్ ఒక ఏడాదే పదవిలో ఉన్నాడు. 1964 అక్టోబరు ఎన్నికల్లో లేబర్ పార్టీకి 317 స్థానాలు, కన్సర్వేటివ్‌లకు 304. పోటీ అంత దగ్గరగా నడిచింది. పదమూడేళ్ళ కన్సర్వేటివ్ పాలన ముగిసింది. హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వంలో బెన్ తపాలా మంత్రి అయ్యాడు. ఆ తర్వాత సాంకేతిక, పరిశ్రమల, ఇంధన శాఖలు చూశాడు. డెబ్బయ్యో దశకం మొదట్లో పేరులోని వెడ్జ్‌వుడ్‌ను కూడా తీసేసి సాదా టోనీ బెన్ అయ్యాడు. హ్యూమ్ మాత్రం 1974లో జీవితకాల ప్రభువుగా నియమితుడై మళ్ళీ పైసభకు చేరుకున్నాడు. వెళ్ళినవాడు ఏదీ పోగొట్టుకోలేదు. కింది సభ చూశాడు, ప్రధాని పదవి చూశాడు, తిరిగి ప్రభువు అయ్యాడు.

బెన్ 2001లో కామన్స్ నుంచి విరమించుకున్నాడు. రాజకీయాలకు మరింత సమయం కేటాయించడానికే పార్లమెంటు వదులుతున్నానన్నాడు. అధికారంలో ఉన్న ప్రతివాణ్ణీ కొన్ని ప్రశ్నలు అడగాలని ఊరూరా తిరిగి చెప్పేవాడు. నీకున్న అధికారం ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి మేలు కోసం వాడుతున్నావు, ఎవరికి జవాబుదారీ, నిన్ను దించాలంటే మేమేం చేయాలి. చివరి ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు ప్రజాస్వామ్యంలో ఉన్నట్టు కాదని ఆయన నమ్మకం. ఈ నమ్మకం ఆయనకు పుస్తకాల్లో కన్నా ఆ గుమ్మం ముందు ఎక్కువ బోధపడి ఉంటుంది.

నాకు బెన్ పట్ల గౌరవం. ఇంట్లో పుట్టిన హోదాను కాదని, ఓటర్లు ఇచ్చిన హోదా చాలని నిలబడిన మనిషి ఆయన. అలా నిలబడడం తేలిక కాదు. మన దగ్గర తండ్రి పదవిని కొడుకు తన హక్కుగా లాక్కునే కథలే ఎక్కువ వింటాం. తండ్రి వల్ల వచ్చిన హోదా వద్దని కోర్టు మెట్లెక్కినవాణ్ణి ఎక్కడని వెతకాలి? కానీ ఆయన సాధించిన చట్టంలో ఉన్న లోపాన్ని కూడా చూడాలి. అది బిరుదును రద్దు చేయలేదు. ఒక మనిషికి, అతను బతికి ఉన్నంతకాలం, దాన్ని పక్కన పెట్టుకునే వీలు మాత్రమే ఇచ్చింది. మనిషి పోగానే బిరుదు మళ్ళీ లేస్తుంది, వారసుణ్ణి వెతుక్కుంటుంది. అన్యాయం నుంచి ఒక మనిషిని తప్పిస్తే ఆ మనిషి మాత్రమే తప్పించుకుంటాడు. అన్యాయం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

2014 మార్చి 14న టోనీ బెన్ కన్నుమూశాడు. ఆయన రెండో కొడుకు హిలరీ బెన్ అప్పటికే ఎన్నికల్లో గెలిచిన కామన్స్ సభ్యుడు, మాజీ మంత్రి. పెద్దకొడుకు స్టీఫెన్ ఆ రోజే మూడో వైకౌంట్ స్టాన్స్‌గేట్ అయ్యాడు. చట్టం ప్రకారం వచ్చింది, ఆయన ఉంచుకున్నాడు.

1999లో ప్రభువుల సభను సంస్కరించినప్పుడు వంశపారంపర్య ప్రభువుల్లో 92 మందికి మాత్రం స్థానం మిగిల్చారు. వాళ్ళలో ఎవరైనా పోతే, వంశపారంపర్య బిరుదు ఉన్నవాళ్ళలోంచే ఉపఎన్నిక పెట్టి ఖాళీ నింపేవారు. 2021లో లేబర్ పార్టీ వైపు అలాంటి ఖాళీ ఒకటి వచ్చింది. పోటీకి ముందుకొచ్చినవాడు ఒక్కడే. వైకౌంట్ స్టాన్స్‌గేట్. పోటీ లేదు కనుక పోలింగ్ జరగలేదు.

తండ్రి 23,275 ఓట్లతో గెలిచి ప్రజల సభ గుమ్మం బయట ఆగిపోయాడు. కొడుకు ఒక్క ఓటూ పడకుండా ప్రభువుల సభలోకి వెళ్ళాడు.